మాటల మధ్య మూలుగు

నా చివరి పోస్టింగ్ సీలేరు జలవిద్యుత్ ప్రాజెక్టు కాలనీలో, కమ్యూనికేషన్ విభాగం అసిస్టెంట్ ఇంజనీరుగా. హ్యామ్ రేడియో, అంటే లైసెన్సుతో నడిపే అమెచ్యూర్ రేడియో, నా సొంత వ్యాపకం. పదవీ విరమణకు ముందటి ఏడాది తుఫానుకు ఘాట్ రోడ్డు తెగింది. కరెంటు పోయింది, సెల్ టవర్లు ఆగిపోయాయి. దగ్గరలోని ఆరోగ్య కేంద్రం డాక్టరు కొండ దిగువన ఊళ్లో చిక్కుకుపోయారు. పై అధికారి అనుమతితో నా సెట్టును ఆరోగ్య కేంద్రానికి తరలించి, కారు బ్యాటరీ మీద నడిపాను. అటువైపు సాలూరులో నా మిత్రుడి సెట్టు, దాని పక్కన ఒక పిల్లల డాక్టరు.

నర్సు సన్యాసమ్మగారిది మెత్తని గొంతు. మామూలుగా మాట్లాడితే మాట హోరులో మునిగిపోయేది. అరిస్తే సెట్టు తట్టుకోలేక పదాలు చిట్లిపోయేవి.

"మొత్తుకుంటన్నాను కదా సార్, ఇంకేటి సెయ్యమంటారు?" అన్నారామె.

దీనికి విరుగుడు కంప్రెసర్. మైకుకూ సెట్టుకూ మధ్య పెట్టే చిన్న సర్క్యూట్ అది. సన్నని ధ్వనిని పెంచుతుంది. గొంతు హెచ్చితే, ఆ హెచ్చినదాన్నే డయోడ్ డీసీగా మారుస్తుంది. ఆ డీసీతో ట్రాన్సిస్టర్ తెరుచుకుని, ఎక్కువైన ధ్వనిని ఎర్త్‌కు మళ్లిస్తుంది. పాడైన టేప్‌రికార్డర్లోంచి విడిభాగాలు పీకి, కాలనీ జనరేటర్ దగ్గర కూర్చుని సోల్డర్ చేసి తెచ్చాను.

మాట తేటపడింది. అయితే కంప్రెసర్‌కు ఒక గుణం ఉంది. మనిషి మాట ఆపగానే గదిలోని చప్పుళ్లన్నిటినీ పైకి లాగుతుంది. రేకుల మీది వాన కూడా సాలూరుకు వెళ్తోంది. దాన్ని తగ్గించే స్క్రూ డబ్బా లోపల ఉంది. తిప్పుదామని స్క్రూడ్రైవర్ తీసుకునేలోగా సోమన్న అనే కాఫీ రైతు కూతుర్ని భుజాన వేసుకుని వచ్చాడు.

"దీని తోడబుట్టిన గుంటడు మొన్న పోయాడు బాబూ. ఈ గుంటకీ అదే జొరం. బేగి సూడండి."

నర్సు జ్వరం, దగ్గు వివరాలు చెప్పారు. మాట పంపేందుకు నొక్కిన మీటను నేను వదలగానే సాలూరు నుంచి పిల్లల డాక్టరు అడిగారు: "మీ మాటల మధ్య ఏదో మూలుగు వినిపిస్తోంది. ఎవరిది?"

"పాపదే సార్. ఊపిరి ఒదిలినప్పుడల్లా."

"మైకు పాప దగ్గర పెట్టండి. ఎవరూ మాట్లాడొద్దు."

మీట నొక్కి పట్టుకున్నాను. గదిలో ఎవరూ కదల్లేదు. సోమన్న గోడకు తల ఆనించి కళ్లు మూసుకున్నాడు.

ఆ మూలుగును బట్టి న్యుమోనియా అన్నారు డాక్టరు. ఆక్సిజన్ వెంటనే పెట్టమని, ఇంజెక్షన్ల మోతాదులు చెప్పారు. పొరపాటు రాకుండా ప్రతి అంకెనూ నర్సు తిరిగి చెప్పి ఖాయం చేసుకున్నారు.

రోడ్డు తెరిచేనాటికి పాప తేరుకుంది. ఇంటికి తీసుకెళ్తూ సోమన్న నా దగ్గర ఆగాడు. "మా గుంటడూ అలాగే మూలిగేవోడు బాబూ," అన్నాడు.

మాటను ఉంచి చప్పుడును తీసేయడమే మా పని అనుకుంటూ సర్వీసంతా గడిపాను. ఏది చప్పుడో అటు వినేవాళ్లే తేల్చాలని ఆ కేసులో తెలిసింది. తర్వాత నేను కట్టిన కంప్రెసర్లన్నిటికీ డబ్బా లోపలి స్క్రూ తీసేసి, అటువాళ్లు అడిగినట్టు తిప్పేందుకు బయటే ఒక నాబ్ పెట్టాను.