వదిన చూపు

దయ్యాలూ ఆత్మలూ ఉన్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. నంద్యాలలో ఉంటూ, చనిపోయినవాళ్ల ఫొటోలు చూసి, నూనె రంగులతో బొమ్మలు వేసి బతికేవాణ్ణి. ఆ భయముంటే నాకు పూట గడిచేది కాదు.

నాకు పేరు తెచ్చిన బొమ్మ మా వదినది. అందులో ఆమె ఎదురుగా ఉన్నవాళ్లను చూడదు, పక్కకు చూస్తుంటుంది. ఆ చూపు గురించి పత్రికల్లో చాలా రాశారు. ఆ ఆలోచన ఎలా వచ్చిందని అడిగినవాళ్లకు నోటికొచ్చింది చెప్పాను. అన్నీ అబద్ధాలే. ఆ చూపు నేను వేసింది కాదు.

మాది ఆళ్లగడ్డ. రాతి విగ్రహాలు చెక్కే ఇల్లు. నాకు ఉలి పట్టుబడక రంగుల్లోకి వచ్చాను. అన్న మాత్రం రాతిదుమ్ము మింగుతూ ఆ పనిలోనే ఉండిపోయాడు. వదిన ఆసుపత్రిలో పోయినరోజు ఆయన శ్రీశైలం దగ్గర పనిలో ఉన్నాడు. వచ్చేసరికి అంతా అయిపోయింది. అది ఆయన్ని లోపల్లోపల తినేసింది.

వదిన బొమ్మ వేయమని నన్ను అడిగాడు. మా ఇంట్లో విగ్రహానికి కళ్లు ఆఖర్న తెరుస్తారు. చేయించుకున్న మనిషి ఎదురుగా నిలబడాలి, తొలిచూపు ఆ మనిషి మీదే పడాలి.

"కండ్లు మాత్రం నేనొచ్చినాకే తెరువురా. మీ వదిన మొదట నన్నే చూడల్ల" అన్నాడు. సరేనన్నాను.

బొమ్మ నేను అనుకున్నదానికంటే బాగా కుదిరింది. చర్మం రంగు కింద పలచగా ఆకుపచ్చ మట్టిరంగు పూసి ఆరనిస్తే, ఫొటోలో కనబడని అలసట చెంపల మీదికి వచ్చింది. అప్పుడే హైదరాబాదులో ప్రదర్శన పెట్టే ఒకాయన నా గదికి వస్తానన్నాడు. కళ్లు లేని బొమ్మను ఎలా చూపించను? అన్నకు చెప్పకుండా తెరిచేశాను. ఎటునుంచి చూసినా మనల్నే చూస్తున్నట్టు, కనుపాపలు సరిగ్గా నడుమ పెట్టాను. హైదరాబాదాయన వచ్చి తలుపు దగ్గరే ఆగిపోయి చాలాసేపు చూశాడు. బొమ్మను ప్రదర్శనకు తీసుకుంటానన్నాడు.

రంగు ఆరాక అన్నను రమ్మన్నాను. తలంటుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, దగ్గుతూ వచ్చి, నిలబడలేక ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. బొమ్మ మీద గుడ్డ కప్పి ఉంచాను. ఆయనకు కనబడకుండా అడ్డంగా నిలబడి గుడ్డ తీశాను. పొడి కుంచెతో కళ్లను తాకి, అప్పుడే తెరిచినట్టు పక్కకు జరిగాను.

అన్న చూశాడు. కుర్చీ ఇటు జరుపుకున్నాడు, అటు జరుపుకున్నాడు.

"నన్ను చూడల్యా రా."

"అద్దాలు మార్పిచ్చుకో అన్నా, నీకు ఆనడంల్యా" అన్నాను.

"అద్దాలు కాదులే. ఆయమ్మకు కోపం పోల్యా."

అప్పుడు నేను తిరిగి చూశాను. కనుపాపలు తలుపు వైపు ఉన్నాయి. వేలితో రుద్దాను. రంగు గట్టిగా ఆరిపోయి ఉంది, ఎక్కడా చెదరలేదు. ఆ పొద్దునే హైదరాబాదుకు పంపడానికి ఫోన్లో తీసిన ఫొటో ఉంది. అందులో వదిన నేరుగా చూస్తోంది. ఆ ఫొటో ఇప్పటికీ నా దగ్గరుంది. తోటి చిత్రకారులకు చూపిస్తే వెలుతురన్నారు, వార్నిషన్నారు. అప్పటికి నేను వార్నిషే వేయలేదు.

అన్న ఆళ్లగడ్డ బస్సెక్కాడు. ఆ ఎండాకాలం దాటలేదు. "నేను పోయినా మీయమ్మ నాతో మాట్లాడదు" అని కూతురితో అన్నాడట.

వదిన తప్పేమీ లేదనీ, కళ్లు ముందే తెరిచి ఆయన్ని మోసం చేసింది నేననీ ఆరోజే చెప్పి ఉండొచ్చు. చెబితే కళ్లు చెరిపి, ఆయన ఎదుట మళ్లీ వేయాల్సి వచ్చేది. పచ్చి రంగుతో ఉన్న బొమ్మను బయటికి పంపలేం.

ఆ కళ్లు ఎలా తిరిగాయో నాకు ఇప్పటికీ తెలియదు. నేనెందుకు నోరు మెదపలేదో మాత్రం తెలుసు. బొమ్మను తీసుకుపోయే బండి ఆ సాయంత్రమే రావాల్సి ఉంది.