దిబ్బ మట్టి

మొన్న కోర్టు మెట్ల మీద కూర్చుని టిఫిన్ డబ్బా తెరిచేసరికి గాలి లేచి ఇడ్లీల మీద బూడిదరంగు పొడిని సన్నగా పరిచింది. చాంపియన్ రీఫ్స్ లాంటి బంగారు గని ఊళ్లో పుట్టినవాళ్లకు అది కొత్తేమీ కాదు. బంగారం తీసేసుకున్నాక గని మిగిల్చిన రాతిపొడి, సైనైడ్ దిబ్బల నుంచి ఎగిరొచ్చేది. పక్కనున్న మా వదిన దాన్ని వేలితో తీసి అదోలా చూసింది. ఆ చూపు నాకు తెలుసు.

వదిన కడుపుతో ఉన్నప్పుడల్లా మట్టి తినేది. తక్కిన ఆడవాళ్లు గోడ పెళ్లలతో సరిపెట్టుకుంటే ఈవిడకు వాన వెలిశాక దిబ్బ మీద అట్టకట్టిన పొరే కావాలి. బియ్యం డబ్బాలో దాచుకుని, చప్పుడు కాకుండా నమిలేది. మా అమ్మ తిడితే, "రాయి తడిసిన వాసన వస్తాదత్తా, నాలిక ఆగదు" అనేది. నేను అప్పటికే బి.ఎస్సీ. పాసయ్యాను కనుక ఆ దిబ్బలో ఏమేం విషాలున్నాయో ఇంటిల్లిపాదికీ ఉపన్యాసం ఇచ్చాను. అందరూ శ్రద్ధగా విన్నారు. భోజనాలయ్యాక వదిన మళ్లీ బియ్యం డబ్బా దగ్గరికే వెళ్లింది.

ఆ కడుపున పుట్టిన చిన్నకొడుకు రైల్లో ఒక ముసలావిడ మెడలో గొలుసు తెంచి, ఆమెను కిందికి తోసేశాడు. ఆమె ఇక నడవలేదట. ఆరోజే వాడికి శిక్ష చెప్పేది.

"జడ్జి ముందర నిలబడి చెప్పేస్తానమ్మా," అంది వదిన. "వాడు నా కడుపులోనే చెడిపోయినాడు, నన్ను లోపలెయ్యండి అంటా. నువ్వు కన్నడలో చెప్పు."

వాదన దొరికితే వదిలే అలవాటు నాకు లేదు. "పెద్దపాపప్పుడూ తింటివి కదా వదినా, గంపలు గంపలు. అది నర్సయి జనానికి సూదులేస్తా ఉండాది. దాన్ని చెరపని మట్టి వీణ్ణే చెరిపిందా?"

వదిన టిఫిన్ డబ్బాకు మూత పెట్టేసింది.

"అప్పుడు మీయన్న గనిలోకి దిగుతా ఉండె. ఇంటికొస్తానే నా కడుపు మీద చెవి పెట్టి వింటా ఉండె. వీడప్పుడు గని మూసేసిరి. ఇంగ ఆయప్ప చెవి పెట్టలేదు, కాలు పెట్టినాడు. పుట్టినాక వాడి మీదా అదే కాలు."

 నిలదీయడానికి మా అన్న లేడు, పోయి చాలాకాలమైంది. ఉన్నా, గని మూసినవాళ్లను అడగమనేవాడు. ఇక నడవలేని ఆ ముసలావిడకు మాత్రం మా మట్టితో, మా అన్న కాలితో ఏం పని?

లోపలికి పిలిచారు. వదిన లేచి నిలబడి నోరు తెరిచింది. జడ్జి ఆమె వైపు చూడనేలేదు. శిక్ష ఎన్నేళ్లో చెప్పి, తరువాతి కేసు పిలిపించారు. వాడి శిక్ష ఎప్పుడు ముగుస్తుందో అక్కడ తేల్చేశారు. ఎప్పుడు మొదలైందో మాత్రం, ఇంత చదివి, ఇంత నోరుండీ, నేను చెప్పలేను.