నాకు చదువొచ్చిన సాక్ష్యం

నేను అబద్ధాన్ని మైకులో చెప్పి, నిజాన్ని కడుపులో దాచుకున్నదాన్ని. మదనపల్లెలో చెప్పాను, పుంగనూరులో చెప్పాను, కుప్పంలో చెప్పాను. చెప్పిన ప్రతిసారీ జనం స్తోత్రం అన్నారు. ఇన్నేళ్ళుగా ఆ స్తోత్రాల చప్పుడు నన్ను పడుకోనివ్వడం లేదు.

మీరెవరో నాకు తెలియదు. ఏ చర్చికి పోతారో, అసలు పోతారో లేదో తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

కురబలకోట దగ్గర పల్లెలో, గొర్రెలు మేపుకునే ఇంట్లో పుట్టాను. బడి మొహం చూడలేదు. పెళ్ళయి మదనపల్లెకు వచ్చాక టమోటా మండీలో కాయలు ఏరే పనికి కుదిరాను. నా భర్త తాగుడు మానిన ఏడాది ఇద్దరం దేవుణ్ణి నమ్ముకుని, మా వీధి చివర రేకుల షెడ్డులో జరిగే ప్రార్థనకు పోవడం మొదలుపెట్టాం. నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకున్నాను. బొట్టు తీసేశాను, కమ్మలు తీసేశాను, తెల్లచీర కట్టాను. ఇవేవీ కష్టమనిపించలేదు. వాక్యం చదివేటప్పుడు మాత్రం కష్టంగా ఉండేది. అందరూ బైబిలు తెరిస్తే నేనూ తెరిచేదాన్ని. పక్కనున్నామె పేజీ తిప్పితే నేనూ తిప్పేదాన్ని.

మండీకి పోయే దారిలో సుగుణమ్మ టీచరు ఇల్లు. రిటైరైపోయి ఒక్కతే ఉండేది. తాతల కాలం నుంచీ వాళ్ళది ఊళ్ళోని పాత రాతి చర్చి. మెడలో సన్న గొలుసు, తలలో కనకాంబరాలు. ఆ చర్చివాళ్ళది వట్టి ఆచారమనీ, పసిబిడ్డల నుదుట నాలుగు నీళ్ళ చుక్కలు చల్లి అదే బాప్తిస్మం అంటారనీ, రాసిపెట్టుకున్న ప్రార్థన అప్పజెబుతారే గాని వాళ్ళలో ఆత్మ లేదనీ మా పాస్టరుగారు చెప్పేవారు. వాళ్ళూ ఊరికే ఉండేవాళ్ళు కాదు. మాది అరుపుల గుడి అని నవ్వేవాళ్ళు.

ఒకరోజు వాన పట్టుకుంటే ఆమె వసారాలోకి పరిగెత్తాను. చంకలో బైబిలు చూసి, ఇప్పుడు ఏ భాగం చదువుతున్నావని అడిగింది. చదవడం రాదన్నాను. అంత సులువుగా ఆ మాట ఎవరి దగ్గరా ఒప్పుకోలేదు. రేపు పనయ్యాక రమ్మంది.

పోయాను. ఆ చలికాలమంతా పోయాను, ఎండాకాలమూ పోయాను. బైబిల్లోని 'యెహోవా నా కాపరి' కీర్తన నాకు నోటికి వచ్చు. ఆమె దాని మీదే వేలు పెట్టించేది. నా వేలు ఒక మాట దగ్గర ఉంటే నోరు నాలుగు మాటలు ముందుకు ఉరికేది. అప్పుడామె పాత పెళ్ళిపత్రిక ముక్క ఒకటి తెచ్చి, వరుసంతా మూసి, ఒక్క మాట తెరిచేది. నోటితో వద్దు, కంటితో చదువు అనేది. నేను తడబడి, కంట నీళ్ళు పెట్టుకుని, చివరికి ఆ ఒక్క మాటా చదివితే ముక్కను కొంచెం పక్కకు జరిపేది. ఆ జరపడం కోసం రోజంతా మండీలో ఎదురుచూసేదాన్ని.

ఆ ఇంటికి పోతున్నానని షెడ్డులో ఎవరికీ చెప్పలేదు.

ఒక ఆదివారం పాస్టరమ్మ కళ్ళద్దాలు ఇంట్లో మరిచి వచ్చింది. ఎవరైనా వాక్యం చదవండి అంది. నేను లేచాను. ఎందుకు లేచాను? ఆమెకు సాయం చేద్దామనా, చూడండి నాకూ వచ్చింది అని చూపించుకోవాలనా? చూపించుకోవాలనే అయ్యుంటుంది. మెల్లగా, తప్పు లేకుండా చదివాను. ఎవరు నేర్పారమ్మా అని పాస్టరుగారు అడిగారు. టీచరు పేరు నాలుక మీదికి వచ్చింది. దాని వెనకే గొలుసు, కనకాంబరాలు, రాతి చర్చి అన్నీ వచ్చాయి. ఎవరూ నేర్పలేదని, ప్రార్థనలో కూర్చుంటే అక్షరాలు వాటంతటవే తెరుచుకున్నాయని చెప్పేశాను. పాస్టరుగారు ఏడ్చారు. ఆయన మోసగాడు కారు. నా మాట నమ్మారు, అంతే.

అప్పటినుంచి ఎక్కడ కూటాలు పెట్టినా నన్ను తీసుకుపోయి సాక్ష్యం చెప్పించేవారు.

పుంగనూరులో ఒకసారి రెండు పక్షాల పెద్దలూ ఒక మండపంలో కూర్చున్నారు. ఇలాంటి అద్భుత వరాలు యేసు శిష్యులైన అపొస్తలుల కాలంతోనే ఆగిపోయాయని రాతి చర్చివాళ్ళు, ఈరోజుకీ ఉన్నాయని మావాళ్ళు. దేవుడు మనిషికి బుద్ధినిచ్చి బడులు ఎందుకు కట్టించినట్టు అని వాళ్ళ పెద్దాయన అడిగాడు. మా పాస్టరుగారు మాటలెందుకు, మనిషినే చూడండి అని నన్ను లేపారు. చెప్పాను. అప్పటికి ఆ మాటలు నోటికి వచ్చేశాయి. కాని మూడో వరుసలో సుగుణమ్మ టీచరు కూర్చుని ఉంది. నిజంగా ఎవరూ నేర్పలేదా అమ్మా అని ఆ పెద్దాయన మర్యాదగానే అడిగాడు. నేను టీచరు వైపు చూశాను. లేదన్నాను.

బస్టాండులో ఆమే నా దగ్గరికి వచ్చింది.

"బాగుండావా మ్మా?"

"బాగుండాను టీచరమ్మా."

"దేవునికి శానా ఓపిక ఉండాదిలే. ఆ 'క్ష' దగ్గర నాకైతే నీతో ప్రాణం పోయింది."

నవ్వబోయాను. ఆమె నవ్వలేదు.

"నా పేరు సెప్పలేదని కాదు మ్మా. ఈ వయసులో పేరు ఏం సేసుకుందును. ఆయన అడిగినప్పుడు నా పక్క సూసినావు సూడు. సూడకుండా సెప్పింటే, పాపం మరిసిపోయిందేమో అనుకొనుందును."

బస్సు వచ్చింది. ఆమె ముందు కూర్చుంది, నేను వెనక సీటులో కూర్చున్నాను. ఆ మరుసటి రోజు నుంచి మండీకి వేరే దారిలో పోయాను. తర్వాతి ఎండాకాలం ఆమె పోయింది. రాతి చర్చి గంట మోగుతుంటే కాయలు ఏరుతూనే విన్నాను. చెయ్యి ఆగలేదు. ఆగాల్సింది.

ఇక్కడితో అయిపోయుంటే ఈ బరువు నేనే మోసుకునేదాన్నేమో. పోయినసారి కుప్పం కూటాల్లో శాంతిపురం నుంచి వచ్చిన ఎస్తేరు అనే ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఆమె మొగుడు గ్రానైటు పనికి పోతాడు. నా సాక్ష్యం విన్నప్పటి నుంచి ఆమె పెద్దవాళ్ళ బడికి పోవడం మానేసింది. శుక్రవారం శుక్రవారం ఉపవాసముండి, బైబిలు తెరిచి, అక్షరాలు వాటంతటవే తెరుచుకుంటాయని ఎదురుచూస్తోంది. ఎంతగా చిక్కిపోయిందో. "నాకు యాల తెరుసుకోలేదక్కా? నాలో ఏం పాపం ఉండాది?" అని అడిగింది. చుట్టూ జనం. ఇంకా ప్రార్థించమ్మా అన్నాను. ఆమె తల ఊపి, తనదే తప్పన్నట్టు పోయింది.

మొదటి అబద్ధానికి భయం అని పేరు పెట్టుకోగలను. దీనికి ఏ పేరు పెట్టను?

నిజం చెబితే ఏమవుతుందోనని లెక్కలు వేస్తూనే ఉన్నాను. చూశారా, అన్నీ బూటకాలే అని రాతి చర్చివాళ్ళు అంటారు. అన్నీ బూటకాలు కావు. ప్రార్థనతోనే నా మొగుడు తాగుడు మానాడని ఈరోజుకీ నమ్ముతాను. నా ఒక్క అబద్ధం వల్ల ఆ నిజం కూడా అబద్ధమైపోతుందేమో. మా పాస్టరుగారు మళ్ళీ ఎవరి సాక్ష్యమైనా నమ్మగలరా? ఇవన్నీ నిజంగా వాళ్ళ కోసం పడే భయాలేనా, లేక నా తెల్లచీర మీద మరక పడుతుందనా? తెలియడం లేదు.

కుప్పంలో మళ్ళీ కూటాలు వస్తున్నాయి. ఎస్తేరు ముందు వరుసలోనే కూర్చుంటుంది. నేను ఇదంతా కాగితం మీద పెట్టాను గాని, దీన్ని చదవడం ఆమెకు రాదు. చదవగలిగితే ఆమెకు ఈ బాధే లేదు. రాసి తప్పించుకుంటున్నానేమో అని కూడా అనిపిస్తోంది. అయినా రాస్తున్నాను. మైకు ముందు నోరు తెరుచుకుంటుందో లేదో తెలియదు గనక, ముందు ఇక్కడైనా సరిగా చెప్పనివ్వండి.

ఎస్తేరూ, నీలో ఏ పాపమూ లేదు. నాకు చదువు నేర్పింది సుగుణమ్మ టీచరు. రాతి చర్చి మనిషి, కనకాంబరాలు పెట్టుకునే మనిషి. తన ఇంటి వసారాలో, పాత పెళ్ళిపత్రిక ముక్క పట్టుకుని, ఒక్కొక్క మాటే తెరిచింది.