రోగిని అడిగిన నర్సు

నర్సు నిస్సికి ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఒకటే పంతం: రోగి సంగతి రోగినే అడగాలి. మెదక్ ఆసుపత్రిలో మాత్రం మంచం మీద ఎవరున్నా జవాబు పక్కనున్నవాళ్లే చెబుతారు.

మత్తిచ్చే ముందు పొట్ట ఖాళీగా ఉండాలి గనుక, ఆపరేషన్ రోజు పొద్దున డాక్టర్ "ఏమన్నా తిన్నదా?" అని రోగి భూలక్ష్మి కొడుకు అమరేందర్‌ని అడిగాడు.

"అన్నం తినలే సార్."

నిస్సి వెళ్లి భూలక్ష్మిని అడిగింది.

"కొడుకు చెప్పిండు గదమ్మా," డాక్టర్ విసుక్కున్నాడు.

"పొట్ట ఆమెది సార్."

"కోడలు రెండు ఇడ్లీలు పెట్టింది బిడ్డా, బలముండాలెనని," అంది భూలక్ష్మి.

"అది టిఫినే గద సార్," అన్నాడు అమరేందర్.

ఆపరేషన్ వాయిదా పడింది.

మర్నాడు డాక్టర్ నేరుగా భూలక్ష్మినే అడిగాడు. అమరేందర్ నోరు తెరిచాడు.

"పొట్ట నీదా?" అన్నాడు డాక్టర్.