బంగారం అడిగిన బుగ్గలు

ఆ రోజుల్లో జబ్బులకు కూడా మర్యాదలు జరిగేవి. ఇప్పటిలా మూతికి మాస్కు తగిలించి, చేతులు కడిగించి, ఆరడుగుల అవతల కూర్చోబెట్టే అలవాటు అప్పటికింకా రాలేదు. ఇంటికి వచ్చిన జబ్బును చుట్టంలాగా చూసి, దానికేం ఇష్టమో కనుక్కుని, అది పెట్టి సాగనంపేవాళ్లు. అమ్మవారు పోస్తే వేపాకు, కామెర్లకు ఆకుపసరు, దిష్టికి ఎండుమిరపకాయలు. వీటన్నిటిలోకీ కాస్త షోకు ఎక్కువైన జబ్బు గవదబిళ్లలు. దానికి ఆకులూ అలములూ ఆనవు. బంగారమే కావాలి. దవడల కింద వాపు కనబడగానే మెడలో ఒక బంగారు గొలుసు వేస్తే వాపు దానంతటదే దిగిపోతుందని మా చిత్తూరులో అందరి నమ్మకం. (మా పక్కింటి వేలూరత్త, అరవంలో దాని పేరే 'పొన్నుక్కు వీంగి' అని చెప్పేది. అంటే బంగారం కోసం ఉబ్బేది అని. పేరులోనే మందుచీటీ ఉన్న జబ్బు మరొకటి నాకు తెలియదు.) చిన్నపిల్లల జబ్బు కాబట్టి, బొద్దు బుగ్గల కింద గొలుసు వేలాడుతుంటే చూడ్డానికి ముచ్చటగానే ఉండేది. నాకు మాత్రం అది చిన్నతనంలో రాలేదు. ఉద్యోగం వచ్చి, మీసం వచ్చి, పెళ్లి సంబంధం కూడా వచ్చాక, నేనెందుకు వెనకబడాలన్నట్టు అప్పుడొచ్చింది.

అప్పట్లో తిరుపతిలో ఒక బస్సుల ఆఫీసులో టికెట్లు రాసే పని నాది. మా నాయనకు చిత్తూరులో చిన్న జౌళి కొట్టు. పలమనేరులో ఒక సంబంధం ఉందంటే పోయి చూసొచ్చాం. అమ్మాయి అక్కడే చిన్నపిల్లల బడిలో టీచరు. కాఫీ గ్లాసు నా చేతికిస్తూ, నేను నోరు కాల్చుకోకముందే, "నిదానం, కాలతాది" అంది. నా తొందరను ముందుగా కనిపెట్టిన మొదటి మనిషి ఆమే. బస్సు మొగిలి ఘాటు దిగుతున్నంతసేపూ అందరికీ మలుపులకు కడుపులో తిప్పితే, నాకు మాత్రం ఆ రెండు మాటలు తలలో తిరిగాయి. పెళ్లంటూ చేసుకుంటే ఈ పిల్లనే అనుకున్నాను. మా వైపు పద్ధతి ఏమిటంటే, అమ్మాయిని మేం చూసొచ్చాక వాళ్ల పెద్దలు వచ్చి మా ఇల్లు చూడాలి. ఇల్లు నచ్చితే అన్నీ నచ్చినట్టే. ఆదివారం వస్తామని కబురు పెట్టారు. ఆ తరువాత ఆషాఢం. ఆషాఢం దాటితే బెంగళూరు సంబంధం ఒకటి వరసలో నిలబడి ఉందని మధ్యవర్తి చల్లగా చెప్పి వెళ్లాడు.

సరిగ్గా ఆ వారంలోనే నాకు కుడి దవడ సలపడం మొదలైంది. పన్ను నొప్పేమో అనుకుని లవంగం నములుకుంటూ శుక్రవారం సాయంత్రానికి చిత్తూరు చేరాను. మా అవ్వ నన్ను గడపలోనే ఆపి, గడ్డం పట్టుకుని, పుచ్చకాయ పండిందో లేదో చూసినట్టు రెండు వేళ్లతో తట్టింది.

"లవంగం ఉమ్మేయ్. పంటి నొప్పి కాదు, గవదలు. పోయిన నెల మీ అక్క కూతురుకి లేసినాయి గదా. దాన్ని సంకలో ఎత్తుకోని ఊరంతా తిప్పితివి, అది సప్పరించిన ఐసు నువ్వు తింటివి. బిడ్డ ఊరికే పోతాదా, మేనమామకి ఇచ్చిపొయ్యింది."

"అవ్వా, ఆదివారం వాళ్లొస్తా ఉండారు!"

"రానీ. గవదలొస్తే మనుషులు రాగూడదా?" అని అవ్వ మా అమ్మ మెడ వైపు చూసింది. అమ్మ మారుమాట లేకుండా తన గొలుసు తీసి నా మెడలో వేసింది. బాధ్యతలు మెడకు పడతాయంటారు కదా, నాకు పెళ్లికి ముందే బంగారంతో సహా పడ్డాయి.

శనివారానికి ఎడమ పక్క కూడా లేచింది. అద్దంలో చూసుకుంటే పెళ్లికళ వచ్చినట్టే ఉంది, కాకపోతే ముఖానికి పట్టనంత వచ్చింది. ఉన్న గొలుసు ఒక పక్కకే సరిపోయిందని అవ్వ తీర్పు చెప్పింది. ఆ మాట గోడ దాటింది. వేలూరత్త రెండు పేటల గొలుసు పట్టుకుని వచ్చింది. ఎదురింటి టైలరు భార్య తన పుట్టింటి గొలుసు తెచ్చి, "కొత్త బంగారమైతే బిరీన దిగతాదంట" అంది. మూలింటావిడ కూడా తన గొలుసు తెచ్చి వేసింది. సాయంత్రానికి మా వీధి బంగారమంతా నా మెడలో ఉంది. బంగారంతోపాటు దాని సొంతదారులు కూడా మా ఇంట్లోనే ఉండిపోయారు. నన్ను పరామర్శించడానికే కూర్చున్నామని చెప్పారు గాని, వాళ్ల చూపు నా వాపు మీదకంటే గొలుసుల కొక్కీల మీదే ఎక్కువగా ఉండేది. నేను కాస్త పక్కకు ఒత్తిగిలితే ముగ్గురూ ఒకేసారి "మెల్లింగా!" అనేవాళ్లు.

నాయన మాత్రం వసారాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. వాయిదా వేద్దామంటే అబ్బాయిలో ఏదో లోపముందనుకుంటారు. రమ్మందామంటే లోపం రెండు పక్కలా కనబడుతోంది.

"పన్ను పీకించినామని చెప్తే సరి" అన్నాడు.

"రెండు పక్కలా పీకిస్తిరా?" అంది అమ్మ.

నాయన ఇంకాసేపు తిరిగి, చివరికి నన్ను లోపలి గదిలో పెట్టి తలుపు మూసేశాడు. "గమ్మునుండు. నువ్వు తిరుపతిలో ఉండావు, లీవు దొరకలా" అని నాకే చెప్పాడు. నోరు తెరవలేని స్థితిలో ఉన్నాను కాబట్టి అబద్ధానికి అడ్డు చెప్పలేదు.

ఆదివారం జీపు వచ్చి ఆగింది. అమ్మాయి నాయన, ఆయన తల్లి, అమ్మాయి మేనమామ దిగారు. ఈ మేనమామకు పలమనేరు బజారులో మందుల షాపు ఉంది. (తరువాత మా ఇంట్లో ఆయనకు 'మాత్రల మామ' అనే పేరు స్థిరపడిపోయింది, కాబట్టి ఇప్పుడే అలా పిలిచేస్తాను.) మంచినీళ్లు తాగి కూర్చున్నాక వాళ్ల అవ్వ, "అబ్బోడు యాడప్పా?" అని అడిగింది. "తిరుపతిలోనే ఉండిపొయినాడమ్మా. సీజను గదా, లీవు దొరకలా" అని నాయన ఎంతో నిబ్బరంగా చెప్పాడు. ఆ మాట పూర్తవుతుండగానే వంటింట్లోంచి మా అవ్వ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఈడనే ఉండాడు, లోపల. గవదలు లేసినాయి. రాండి, సూద్దురుగానీ" అని తలుపు తీసేసింది.

తలుపు తీయగానే వాళ్లకు కనబడింది ఇది: మంచం మీద గుమ్మడికాయంత ముఖంతో, మెడనిండా ఆడవాళ్ల గొలుసులతో నేను, చుట్టూ చాప మీద కాపలాగా ముగ్గురు ఆడవాళ్లు. కాబోయే మామగారు ఒక క్షణం నన్నూ, ఒక క్షణం నాయననూ చూశాడు. వీళ్లు బంగారం చూపించడానికి అబ్బాయినే బీరువా చేశారేమిటని అనుకున్నానని ఆయన చాలా ఏళ్ల తరువాత నాతో అన్నాడు. వాళ్ల అవ్వకు మాత్రం ఏమీ వింతగా తోచలేదు. "అయ్యో, రెండు పక్కలానా" అని జాలిపడింది. మాత్రల మామ నా దవడ నొక్కి, కంటి రెప్ప లాగి, నాలుక చూపమన్నాడు. నాలుక రాలేదు. ఆయన ముఖం గంభీరంగా పెట్టుకుని బావను వసారాలోకి తీసుకెళ్లి గుసగుసగా మాట్లాడాడు. కాని రోజంతా జనం గోలలో కౌంటరు వెనక నుంచి అరిచే అలవాటున్న మనిషి. ఆయన గుసగుస మా వీధి చివరిదాకా వినిపించింది.

"బావా, సిన్న పిలకాయలకొస్తే ఏం కాదు. మీసాలొచ్చినోళ్లకొస్తే మాత్రం దిగతాది."

"ఏంది దిగేది?"

"వాపు. కిందికి. ఆ పైన పిలకాయలు పుట్టరు. మన పాప బతుకు సూసుకో బావా."

అమ్మ కాఫీ గ్లాసుల పళ్లెంతో గుమ్మంలో నిలబడిపోయింది. చాప మీది ఆడవాళ్లు మొదటిసారి గొలుసుల మీద నుంచి చూపు తిప్పి, పుట్టని నా బిడ్డల కోసం అన్నట్టు నా ముఖంలోకి జాలిగా చూశారు. ఆ మాట అబద్ధమని అరవాలని ఉంది. కాని అది అబద్ధమో కాదో నాకు తెలియదు, పైగా అరవడానికి నోరు లేదు. పలమనేరు బస్సు నన్ను ఎక్కించుకోకుండా ఘాటు ఎక్కి వెళ్లిపోతున్నట్టు అనిపించింది.

అప్పుడు మా అవ్వ వసారాలోకి వెళ్లింది.

"ఏమప్పా మాత్రలాయనా, ఏందో అంటా ఉండావే? మా ఇంటాయనకి గవదలొచ్చినబ్బుడు నేను కాపరానికొచ్చి ఉంటిని. ఆయనకి మీసాలు ఈడిదాకా ఉండె. మొగం వీడిదానికంటే లావు. ఆ పైన నలుగుర్ని కంటిని. ఇదో, వీడు పెద్దోడు!" అని నాయన చెయ్యి పట్టి ముందుకు లాగింది. "సూడు, బాగా సూడు. యాడన్నా తక్కవుండాడా?"

కొట్లో చీర మడత విప్పి అంచూ కొంగూ చూపించే మా నాయనను, ఆ రోజు ఆయన తల్లే విప్పి చూపించినంత పని చేసింది. పదిమందికీ మర్యాద చెప్పే పెద్దమనిషి, సాక్ష్యంగా నిలబడి పంచె సర్దుకుంటూ నేల చూపులు చూశాడు. మాత్రల మామ ఆయన్ని కిందినుంచి పైదాకా నిజంగానే పరిశీలించి, "అందరికీ అని కాదమ్మా, కొందరికే" అని గొణిగాడు.

"ఆ కొందరు మా ఇంట్లో లేరు" అంది అవ్వ.

పగలబడి నవ్వింది ఎవరంటే, వాళ్ల అవ్వ. నవ్వుతూనే లోపలికొచ్చి, నా తల నిమిరి, "బిడ్డకి నొప్పిగా ఉండాది, మీరేమో రాబొయ్యే మనవల్ని లెక్కపెడతా ఉండారు" అంటూ తన మెడలోని గొలుసు తీసి నా మెడలో వేసేసింది. వేశాక గాని ఎవరికీ వెలగలేదు. ఇల్లు చూడ్డానికొచ్చిన ఆడపిల్ల వారు మగపిల్లవాడి మెడలో బంగారం వేశారంటే మా వైపు దాని అర్థం ఒకటే: సంబంధం ఖాయం. అది అందరికంటే ముందు వెలిగింది మా అమ్మకు. కాఫీ పళ్లెం అక్కడే పెట్టి, క్షణంలో కుంకుమ భరిణె, తాంబూలంతో తిరిగొచ్చింది.

"అమ్మా, ఏం పని చేసినావు?" అన్నాడు అమ్మాయి నాయన.

"గవదలకేసినానప్పా."

"అయితే తీసెయ్."

"తగ్గేదాంక తీయగూడదు" అన్నారు ఇద్దరు అవ్వలూ, చాప మీది ముగ్గురూ, ఒక్క గొంతుతో.

వాళ్లు అవుననీ అనకుండా, కాదనీ అనకుండా, గొలుసు మాత్రం మా ఇంట్లో వదిలి జీపెక్కారు. మర్నాడు నాయన నన్ను డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. డాక్టరు ముందుగా గొలుసులన్నీ పక్కకు జరిపి మెడ ఎక్కడుందో వెతుక్కున్నాడు. బంగారం వేసినా వేయకపోయినా అదే తగ్గుతుందనీ, నీళ్లు బాగా తాగి పడుకోమనీ చెప్పాడు. నాయన గొంతు తగ్గించి ఆ మరో సంగతి అడిగాడు. మగవాళ్లలో ఎప్పుడో ఒకరికి అలా కావచ్చు, చాలామందికి ఏమీ కాదు, మీ అబ్బాయి ఎందులో ఉన్నాడో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు అన్నాడు డాక్టరు. నిజాయితీపరుడు. ఆ పూట నాకు అబద్ధాలాడే డాక్టరు దొరికుంటే బాగుండుననిపించింది.

రెండు మూడు రోజులకు, మధ్యాహ్నం పూట, ఇంట్లో ఫోను మోగింది. అమ్మ తీసి, కళ్లు పెద్దవి చేసి, రిసీవరు నా చెవికి ఆనించి అవతలికి వెళ్లిపోయింది.

"నేను, పలమనేరు నుంచి" అంది ఆమె. "తగ్గిందా?"

"ఊఁ" అన్నాను. అప్పటికి నాకున్న భాష అంతే.

"మా అవ్వ నీపక్కే. నాయన సగం సగం. మామ మాత్రం ఒప్పుకోలా. కడాకు నన్నడిగినారు. నేను నిన్నడగతా ఉండాను." వెనకాల పిల్లల గోల వినిపిస్తోంది, బడి నుంచే చేసినట్టుంది. "నిజంగానే పిలకాయలు పుట్టకపోతే ఏం చేస్తావు?"

"ఊఁ" అన్నాను.

"ఊఁ అంటే?"

దవడలు రెండూ పట్టి లాగుతున్నా నోరు తెరిచాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, నొప్పికే. "మీ బళ్లో... ఉండారు గదా... శానామంది" అన్నాను.

అటువైపు నుంచి చెయ్యి అడ్డం పెట్టుకున్న నవ్వు వినబడింది. "సరే. ఇంగ మాట్లాడొద్దు, నొస్తాది" అని ఫోను పెట్టేసింది. శ్రావణంలో మాకు పెళ్లయింది.

పిల్లల సంగతి చెప్పకపోతే మీరు ఊరుకోరు. పెళ్లయిన చాలా ఏళ్లకు గాని మాకు పాప పుట్టలేదు. గవదల వల్లనో, మరి దేనివల్లనో, ఏ డాక్టరూ తేల్చలేదు. ఆ ఏళ్లలో ఎంతమంది ఎన్ని రకాలుగా అడిగినా మా ఆవిడ ఆ ఆదివారం మాట ఒక్కసారీ ఎత్తలేదు. (మాత్రల మామ కూడా ఎత్తలేదు. పాప పుట్టిన రోజు అందరికంటే ముందు మిఠాయి పెట్టెతో వచ్చి, ఆసుపత్రి వరండాలో గుసగుసగా ఏడ్చాడు. మళ్లీ అందరికీ వినిపించింది.) ఇప్పుడు ఆ ఫోను మాట తలుచుకుంటే ఆ ఉబ్బిన ముఖం కుర్రాడి మీద నాకు ముచ్చటా వేస్తుంది, కాస్త అసూయా వేస్తుంది. ఎన్నేళ్ల ఎదురుచూపుకు మాట ఇస్తున్నాడో వాడికి తెలియదు. తెలియకే అంత సులువుగా అనేశాడు. ఇప్పుడు దవడలు బాగానే ఉన్నాయి, మాటలూ చాలా నేర్చాను. అదే ప్రశ్న ఇవాళ ఎవరైనా అడిగితే, సరైన జవాబు కోసం వెతుక్కుంటూ 'ఊఁ' దగ్గరే ఆగిపోతానేమో.