చాందిని పొర్లిన చోటు

పోయిన శుక్రవారం పొద్దున మా మేనత్త చనిపోయింది. షాద్‌నగర్ బయట, తన గుర్రాల కొట్టం ముందు శనగలు నానబోస్తూ కూలబడిందని, దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయిందని ఆమె కోడలు ఫోన్‌లో చెప్పింది. "అన్నా, గుర్రాలకు నీళ్లు పెట్టిన. అత్తమ్మ ముందుగాల అదే అడుగుతది గద" అంది.

విలేకరిగా చాలా చావు వార్తలు రాశాను. వయసు, ఊరు, వృత్తి అడిగి రాసుకోవడం అలవాటు. అత్త వృత్తి పెళ్లి బరాత్‌లకు గుర్రాలు తోలడం. మామ మొదలుపెట్టిన పని అది. మామ పోయాక మానేస్తుందని అందరూ అనుకున్నారు. ఆమె మానలేదు. కొంగు నడుముకు చుట్టి, కళ్లెం తనే పట్టుకుని, డప్పుల వెనక నడిచేది. పైన కూర్చున్న పెళ్లికొడుకు బిగుసుకుపోతే, "భయపడకు బిడ్డా, ఇది నిన్ను కింద పడెయ్యది. దిగినంక సంగతి నాకు తెల్వది" అనేది.

ఉద్యోగం నన్ను చాలా ఊళ్లు తిప్పింది. నల్గొండ, మోత్కూర్, తర్వాత హైదరాబాద్. కిరాయి ఇల్లు మారిన ప్రతిసారీ అత్త ఫోన్ చేసి ఒకే మాట అడిగేది.

"పొర్లినవా, అల్లుడా?"

అది గుర్రాల దగ్గర పుట్టిన మాట. పని నుంచి ఇంటికొచ్చిన గుర్రం జీను విప్పగానే మట్టిలో పడి, కాళ్లు పైకెత్తి, అటూ ఇటూ పొర్లుతుంది. వెల్లకిలా పడ్డ గుర్రం పారిపోలేదు. అందుకే నమ్మకం కుదిరిన చోటే పొర్లుతుంది. అత్త లెక్కలో మనుషులకూ అదే పరీక్ష. మక్తల్ నుంచి కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో, "పొర్లినవా బిడ్డా?" అని అడిగిందట. ఆ పిల్లకు ఏమీ అర్థం కాక, "తానం జేసిన అత్తమ్మా" అని జవాబిచ్చింది. ఆ మాట మా ఇళ్లలో ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది.

తెలంగాణ వచ్చిన తర్వాత షాద్‌నగర్ త్వరగా పెరిగింది. ఊరి నడుమ అత్త గుర్రాలు ఉండే జాగాలో దాని యజమాని షట్టర్ల దుకాణాలు కట్టుకుంటానన్నాడు. మామ వాటాకు వచ్చిన మెట్ట చెలక ఒకటి ఊరి బయట ఉంటే, అత్త అక్కడ రేకుల కొట్టం వేయించింది. కంపెనీలో పనిచేసే ఆమె కొడుక్కి ఇది ఇష్టం లేదు.

"కొత్త జాగల అవి నిలువయమ్మా. ఒకవేళ నిలువకపోతే అమ్ముదాం. మళ్ల మాట మారిస్తే ఊకోను."

"నిలువకుంటే నువ్వన్నట్లే కానియ్" అంది అత్త. తెల్ల ఆడగుర్రం చాందినిని కొనడానికి పట్నం నుంచి ఒకాయన అప్పటికే వచ్చి చూసి వెళ్లాడు.

మనుషుల ఇంటికి ఎలా చేస్తారో అలాగే కొట్టానికీ చేసింది అత్త. సున్నం వేయించింది. గుమ్మానికి మామిడి తోరణం, స్తంభాలకు బంతిపూల దండలు కట్టింది. పాలు పొంగించింది. గుర్రాలకు గజ్జెలు, కుచ్చులు, జరీ గుడ్డలు వేసి డప్పులతో తీసుకొచ్చింది. నేనూ ఆ ఊరేగింపులో నడిచాను. చాందిని తోరణం కింద నుంచి దర్జాగా లోపలికి వెళ్లింది. అందరం చప్పట్లు కొట్టాం.

తర్వాత అది కదలలేదు. సొమ్ములు విప్పినా పొర్లలేదు. మొహం గేటు వైపు పెట్టి నిలబడింది. తొట్టిలో మూతి పెట్టలేదు. మర్నాడు కూడా అంతే.

పశువుల డాక్టర్ వచ్చి పొట్టకు చెవి ఆనించి విన్నాడు. "రోగమేం లేదమ్మా. కాని నీళ్లు తాగకుంటే కడుపు పట్టేస్తది. పాత తొట్టి, పాత గడ్డి ఉంటే తెప్పించు. తెలిసిన వాసన తగిలితే కుదురుతది" అన్నాడు. తెప్పించాం. మిగతా గుర్రాలు తాగాయి. చాందిని పాత తొట్టిని వాసన చూసి, మళ్లీ గేటు వైపే తిరిగింది.

"పట్నమాయనకు చెప్పిన. రేపొస్తడు" అన్నాడు కొడుకు.

అత్త బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని చాందినినే చూస్తూ ఉంది. ఉన్నట్టుండి పకపకా నవ్వింది.

"ఏమైందే అమ్మా?"

"అరే, నేను దీన్ని పెండ్లింటికి తోలుకొచ్చిన్రా! డప్పు కొట్టిచ్చి, తోరణం కింద నడిపిచ్చి, పూల నడుమ నిలబెట్టిన. ఇగ అది పనికొచ్చిన్ననే అనుకుంటాంది. పెండ్లికొడుకు ఎప్పుడొస్తడా, ఇంటికెప్పుడు పోవాలా అని ఎదురు చూస్తాంది!"

పెళ్లింట్లో నీళ్లు ముట్టకూడదని చాందినికి నేర్పింది కూడా అత్తే. నీళ్లు తాగిన గుర్రం చుట్టాల ముందు పరువు తీస్తుందని, బరాత్ ముగిసి ఇంటికి వచ్చాకే తొట్టి చూపేది. ఆ పాఠాన్ని చాందిని తు.చ. తప్పకుండా పాటిస్తోంది.

ఆ తర్వాత అంతా హడావుడి. కోడలు నిచ్చెన వేసి తోరణం లాగేసింది. నేను దండలు తెంచాను. సున్నం వాసన తగ్గాలని గోడలకు ఎర్రమట్టి నీళ్లు చల్లాం. అత్త చాందినికి మళ్లీ జీను, సొమ్ములన్నీ వేసి, ఎప్పుడూ వెళ్లే ఫంక్షన్ హాల్ దాకా నడిపించింది. అక్కడ గేటు ముందు డప్పులవాళ్లు ఒక దరువు వేసి ఆపేశారు. "ఇగ సప్పుడు చెయ్యకుండ్రి. పనైపోయింది. ఇంటికి పోతున్నం" అని అత్త కళ్లెం తిప్పింది.

సాయంత్రపు ఎండ ఇంకా ఉంది. కొట్టం ముందు, ఎప్పటి వరసలోనే, ముందు గజ్జెలు, తర్వాత కుచ్చులు, చివరికి జీను విప్పింది. చాందిని నేలను వాసన చూసింది. ముందరి కాళ్లు మడిచింది. ఒక పక్కకు ఒరిగి, కాళ్లు ఆకాశానికెత్తింది.

"పొర్లింది! అత్తమ్మా, పొర్లింది!" కోడలి కేక రోడ్డు దాకా వినిపించింది. చాందిని లేచి, ఒళ్లు దులుపుకుని, తొట్టి అడుగు కనిపించేదాకా తాగింది. కొడుకు ఎవరూ చెప్పకుండానే ఫోన్ తీసి, "రాకు సేటూ, గుర్రం అమ్ముతలేం" అన్నాడు.

"తోరణం సోకు నాది. దానికేం పని దాంతోని?" అనేది అత్త, ఈ కథ చెప్పినప్పుడల్లా. పొరపాటు తనదేనని చెప్పి మరీ నవ్వేది. ఆ తర్వాత గుర్రాలను కొత్త చోటికి మార్చేవాళ్లు మహబూబ్‌నగర్ నుంచి కూడా వచ్చి ఆమెను అడిగేవారు. ఆ కొట్టంలో మాత్రం మళ్లీ ఎప్పుడూ డప్పు మోగలేదు. ఇంట్లో ఏ శుభకార్యమైనా డప్పులు రోడ్డు అవతలే.

శుక్రవారం కూడా అలాగే జరిగింది. డప్పు లేకుండా శవాన్ని ఎలా లేపుతారని పెద్దలు అడిగితే, "రోడ్డు దాటినంక కొట్టుండ్రి. ఈడ కొడితే గుర్రాలకు ఇల్లు ఇల్లుగాకుండ పోతది" అంది కోడలు. చాందిని ఇప్పుడు ముసలిదైంది. కోడలు దానికి జీను, గజ్జెలు, కుచ్చులు, జరీ గుడ్డ వేసి బయటికి తీసుకొచ్చింది.

"సావుకు పెండ్లి సొమ్ములేందే?" అన్నాడు ఒక పెద్దాయన.

"సొమ్ములు లేకుండ అత్తమ్మ దీన్ని ఏ డప్పు ఎనకా నడిపియ్యలేదు పెద్దనాయినా" అని కోడలు కళ్లెం పట్టుకుని ముందు నడిచింది.

తిరిగి వచ్చేటప్పుడు చప్పుడు లేదు. స్నానాలు చేసి తడిబట్టలతో కొట్టం ముందు నిలబడ్డాం. కోడలు ముందు గజ్జెలు విప్పింది. తర్వాత కుచ్చులు. చివరికి జీను. చాందిని నేలను వాసన చూసి, మెల్లగా మోకాళ్లు మడిచి, పొర్లింది. లేచి దులిపిన దులుపుకు ఎర్రటి దుమ్ము మా తడిబట్టల నిండా అంటుకుంది. ఎవరమూ పక్కకు జరగలేదు.