రేకు లేచేదాకా

మా అమ్మాయి బ్యాంకు పరీక్షకు చదువుతోంది. చదువుతోంది అంటే పుస్తకం ముందు కూర్చుంటుంది, లేస్తుంది, ఫ్యాను తగ్గిస్తుంది, మంచినీళ్ళు తాగుతుంది, మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. మొన్న ఫోనులో ఏదో యాప్ పెట్టుకుంది. అది ఉన్నట్టుండి గంట కొట్టి, ఊపిరి మీద ధ్యాస పెట్టమంటుంది. ఆ గంటకి ఇది ఉలిక్కిపడి, ఉన్న కాస్త ధ్యాసా పోగొట్టుకుంటోంది. "గుండె దడదడలాడుతుంటే అక్షరాలు ఎలా కనిపిస్తాయమ్మా" అని నా మీద విసుక్కుంది. నాకు కుదురుగా కూర్చోవడం నేర్పింది ఒక కుండ అని చెబితే నవ్వుతుందని ఊరుకున్నాను. నేను అది నేర్చుకున్న రోజుల్లో తను హాస్టల్లో ఉండేది. ఇంట్లో ఏం జరుగుతోందో తనకి చెప్పలేదు.

అప్పుడు మా ఆయన మస్కట్‌లో డ్రైవరు. వానాకాలం మొదట్లో జ్వరం అన్నారు, తర్వాత దగ్గు అన్నారు, ఆ తర్వాత ఆయన గొంతే రావడం మానేసింది. ఆయనతో గదిలో ఉండే అల్లవరం ఊరి మనిషి ఫోను చేసి, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందని, ఆసుపత్రిలో పెట్టారని చెప్పాడు. సాయంత్రం పూట ఒక్కసారే చూడ్డానికి వదులుతారట. ఏ కబురైనా అప్పుడే. ఇక పొద్దున లేచిన దగ్గర్నుంచి ఆ సాయంత్రం దాకా నేను మనిషిని కాదు. పులుసులో ఉప్పు వేశానో లేదో తెలిసేది కాదు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా పక్కనే నిలబడి చూస్తుండేదాన్ని. స్నానానికి వెళ్తే ఫోను ప్లాస్టిక్ సంచిలో చుట్టి కిటికీలో పెట్టుకునేదాన్ని. ఒకసారి మిట్టమధ్యాహ్నం అది మోగితే చేతిలో పళ్ళెం వదిలేసి పరిగెత్తాను. తీరా చూస్తే, అప్పు కావాలా మేడమ్ అని ఎవరో అమ్మాయి. దాన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. భయం అంటే ఏమిటో అంతకుముందు నాకు తెలుసుననుకునేదాన్ని. తెలియదు.

పక్కింట్లో మా పెద్దత్తగారు ఉండేది, మా మావగారి అన్నగారి భార్య. ఆత్రేయపురం దగ్గర పల్లె కదా మాది, ఆవిడ పెరటి పాకలో కుండ బోర్లించి పూతరేకులకి రేకులు తీసి దుకాణాలకి వేసేది. నేను వరండాలో అటూ ఇటూ తిరగడం ఆవిడ గోడ మీదనుంచి చూస్తూనే ఉంది. ఒకరోజు ఇక పట్టలేక పిలిచేసింది.

"ఏమే, వరండా కొలిచి ఎవరికైనా అమ్ముతావా ఏంటి? ఇలా వచ్చి కూర్చో."

"చేతులు వణుకుతున్నాయండీ అత్తయ్యగారూ, నావల్ల కాదు."

"వణకనీ. గుడ్డ ముంచు."

చూడ్డానికి అదేం పని అనిపిస్తుంది. కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట. పల్చటి గుడ్డని బియ్యప్పిండి నీళ్ళలో ముంచి, రెండు చేతులా పరిచి పట్టుకుని, కాలిన కుండ మీద వేసి ఇటు లాగెయ్యాలి. లాగిన చోట పొరలాంటి రేకు మిగులుతుంది, వెంటనే తియ్యాలి. చెయ్యి తటపటాయిస్తే ముద్దవుతుంది, తొందరపడితే చిల్లు పడుతుంది. నేను ముద్దలూ చిల్లులూ తప్ప మరేం తియ్యలేదు. వేళ్ళు కాల్చుకున్నాను. అవన్నీ తిన్న పెరట్లోని దూడకి మాత్రం ఆ రోజు పండగే.

"నీ చెవి ఇంకా ఆ ఫోనులోనే ఉంది. ఇక్కడ పెట్టు. గుడ్డ తగిలినప్పుడు కుండ ఏమంటోందో విను" అంది పెద్దత్తగారు. విన్నాను. మంట ఎక్కువైతే చిటపటమంటుంది, చాలకపోతే అసలు పలకదు. సరిగ్గా ఉంటే సుయ్‌మని ఒక్క సన్నటి చప్పుడు. అది వినాలంటే మనసులో మనం మాట్లాడుకోవడం ఆపాలి. ఆపితే ఒక రేకు వచ్చింది. రెండోదానికి మళ్ళీ ఆసుపత్రి గుర్తొచ్చి చిరిగింది.

"భయం పోవడం లేదండీ" అన్నాను.

"ఎందుకు పోతుంది? దాని పని అది చేస్తంది. నువ్వు ఈ రేకు లేచేదాకా ఇక్కడుండు. లేచేక కాసేపు భయపడు, ఎవరొద్దన్నారు. మళ్ళీ గుడ్డ ముంచు."

భయపడ్డానికి అలా నాకు అనుమతి ఇచ్చింది మా వంశంలో ఆవిడొక్కతే. మిగతావాళ్ళంతా ధైర్యంగా ఉండమనేవాళ్ళు. నేను ఆవిడ చెప్పినట్టే చేశాను. రేకు తీసినంతసేపూ రేకు, తీశాక భయం. రోజులు అలా గడిచాయి.

సాయంత్రం ఫోను వచ్చేది. ఆయన మాట్లాడకూడదు, ముక్కుకీ నోటికీ మాస్కు. అల్లవరం ఆయన ఫోను చెవి దగ్గర పెడితే నేను ఏదో ఒకటి చెప్పేదాన్ని, ఆయన "ఆయ్" అనేవారు. ఇక్కడ ఔననడానికీ, సరేననడానికీ, వింటున్నాననడానికీ ఆ ఒక్క మాటే. నేను బెజవాడ నుంచి వచ్చిన కోడల్ని. కొత్తలో మా మావగారు ఫోనులో అదేపనిగా ఆయ్, ఆయ్ అంటుంటే అవతలివాళ్ళని అదిలిస్తున్నారనుకున్నాను. ఇప్పుడు ఆ మాట కోసం రోజంతా బతికేదాన్ని. అందులో ఊపిరెంత, నీరసమెంత అని వెతుక్కునేదాన్ని.

ఒక సాయంత్రం పాక మీద వాన పడుతోంది. ఫోను మోగింది. నా గుడ్డ కుండ మీద ఉంది. పెద్దత్తగారే తీసి స్పీకరు పెట్టింది. అల్లవరం ఆయనే.

"అక్కా, ఇవాళ డాక్టరుగారు ఏదో అన్నారండి, నాకు సరిగ్గా అర్థం కాలేదు. పొద్దున్నించీ కళ్ళు తెరవలేదంట. చెవి దగ్గర పెట్టేను, ఓసారి పిలవండి."

"ఏవండీ" అన్నాను.

పలకలేదు. మామూలుగా అయితే హలో హలో అని అరిచి, నా అరుపులో నేనే మునిగిపోయేదాన్ని. ఆ రోజు అరవలేదు. పెద్దత్తగారు పొయ్యిలోంచి మండుతున్న ఆకుని బయటికి లాగి నీళ్ళు చల్లింది, చిటపటలు వినపడకుండా. నేను చెవి పెట్టాను. అవతల ఏదో యంత్రం. దూరంగా ఎవరో నడుస్తున్నారు. వాటి కింద ఊపిరి. లోపలికి వెళ్ళింది, ఆగింది. బయటికి వచ్చింది. దాన్ని చివరిదాకా విని, భయపడి, మళ్ళీ తర్వాతి దాని దగ్గరికి వెళ్ళాను. అలా ఎన్నో. కుండ మీద రేకు మాడి నల్లబడి వాసనేస్తోంది, ఇద్దరం కదల్లేదు.

"ఆయ్" అన్నారు.

పెద్దత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పాకలోంచి బయటికి వెళ్ళిపోయింది, వానలోకి.

చలికాలానికి ఆయన ఇంటికి వచ్చారు, చొక్కాలో సగం మనిషి. కాస్త తేరుకున్నాక ఒకరోజు అడిగాను, ఆ సాయంత్రం పలకడానికి అంతసేపు ఎందుకు పట్టిందని. ఆయన ఆశ్చర్యపోయారు. "ఎంతసేపు? నువ్వు పిలిచేవు, నేను వెంటనే పలికేను కదా" అన్నారు.

ఆయనకి ఆ పిలుపుకీ పలుకుకీ మధ్య అసలు కాలమే లేదు. నేను మాత్రం ఇన్నేళ్ళయినా ఒక్కోరోజు ఆ మధ్యలోంచి ఇవతలికి రాలేను.